ప్రామాణిక పాదం

వ్యవసాయ విస్తరణాధికారి దోనేపూడి రత్నాకరానికి అందరిలాగే రెండు కాళ్లు. పుట్టిన దగ్గర్నుంచీ రెండూ ఆయనవే. ఆ శీతాకాలం మాత్రం కుడి కాలు ప్రభుత్వపరమైపోయింది.

అదెలా జరిగిందో చెప్పాలంటే తుఫాను దగ్గర మొదలుపెట్టాలి. వరి కోతలయ్యాక ఆ మాగాణుల్లో దున్నకుండానే మొక్కజొన్న గింజ గుచ్చుతారు. పైరు మోకాలెత్తుకు వచ్చిన రోజుల్లో తుఫాను వచ్చి, చేలన్నీ నింపి, తన దారిన తాను పోయింది. నీళ్లలో నిలబడ్డ మొక్కజొన్న కామెర్లు వచ్చినట్టు పాలిపోయింది. అప్పుడు పైరు అడిగేది పిడికెడు యూరియా. కానీ నీళ్ల చేలో చల్లితే కొంత మురుగు కాలువలోకి, కొంత గాల్లోకి పోతుంది. నేల బిగిసిపోయాక చల్లితే పెళ్లల మీద ఉప్పులా కూర్చుంటుంది. కండె కట్టాక చల్లితే దండగ. మధ్యలో అదను అనేది ఒకటుంది. దాన్ని పట్టుకోవడానికి ఆ ప్రాంతం రైతులు పొద్దున్నే చెప్పులు గట్టు మీద విడిచి, చేలో దిగి, మడమ నొక్కి తీస్తారు. ఆ గుంటలో నీళ్లూరితే ఇంటికి పోతారు. ఊరకుండా మడమ అచ్చు నిలిస్తే బస్తా మూతి విప్పుతారు. గురి తప్పితే వానదేవుణ్ణి తిట్టుకుంటారు, తగిలితే తమ తెలివిని మెచ్చుకుంటారు.

అంతకు ముందు ఏడాది చాలామందికి గురి తప్పింది. చల్లిన మర్నాడే వాన పడి యూరియా అంతా కాలువల పాలైంది. ఈ సంగతి పైవాళ్ల చెవిన పడింది. పైవాళ్ల చెవిన పడ్డది ఊరికే పోదు, సమావేశమవుతుంది.

సమావేశంలో జాయింట్ డైరెక్టరు వైకుంఠరావు గారు లేచి, మైకు సవరించుకుని ఇలా అన్నారు: "రైతు సోదరులు మడమతో నేలను పరీక్షించుట అభినందనీయమే. కానీ నేనొక మౌలికమైన ప్రశ్న వేయదలిచాను. ఎవరి మడమ? ఒకరి బరువు ఎనభై కిలోలు, మరొకరిది యాభై. ఈ ఇద్దరూ తొక్కిన తడి ఒకటేనా? అనగా ఇన్నేళ్లుగా ఈ జిల్లా వ్యవసాయం అప్రామాణిక పాదములపై నడచుచున్నది."

హాల్లో వాళ్లంతా బల్లల కింద తమ తమ పాదాల వంక చూసుకుని సిగ్గుపడ్డారు. తేమ కొలిచే మీటర్లు వస్తున్నాయి కదా, నాలుగు కొంటే సరిపోతుందేమోనని వెనక వరసలో ఎవరో గొణిగారు.

"మీటరుకు టెండరు కావలెను. పాదములు సిబ్బంది వద్ద సిద్ధముగా ఉన్నవి," అన్నారు వైకుంఠరావు గారు.

ఆ మధ్యాహ్నమే సిబ్బందినంతా ఎరువుల గోడౌనుకు తోలుకెళ్లి బస్తాలు తూచే కాటా ఎక్కించారు. సగటు రైతు బరువు అరవై రెండు కిలోలని అప్పటికే తీర్మానమైంది. ఏ సగటు అని ఎవరూ అడగలేదు. రత్నాకరం చిట్టచివర, భోజనం వేళ దాటిపోతోందని విసుక్కుంటూ కాటా ఎక్కాడు. ముల్లు అరవై రెండు దగ్గర ఆగి, ఇక కదల్లేదు. అందరూ చప్పట్లు కొట్టారు. ఎందుకు కొడుతున్నారో తెలియక ఆయనా కొట్టాడు.

సాయంత్రానికి ఉత్తర్వు వచ్చింది. "శ్రీ దోనేపూడి రత్నాకరం యొక్క కుడి పాదమును జిల్లా ప్రామాణిక పాదముగా నియమించడమైనది. సదరు పాదము ముందస్తు అనుమతి లేనిదే జిల్లా దాటరాదు. సదరు పాదమును సొంత అవసరములకు వినియోగించరాదు. సదరు పాదము గ్రహించిన తడి కమిటీ ఆమోదం పొందువరకు రహస్యముగా ఉంచవలెను. నేల ఆరినదని ప్రకటన వెలువడని గ్రామములలో యూరియా అమ్మరాదు." స్నానాల గదికి వెళ్లడం సొంత అవసరం కిందకు వస్తుందా అని రత్నాకరం అడిగితే, రెండు రోజులు ఆలోచించి, అత్యవసర వినియోగం కింద మినహాయించారు.

ఇంట్లో ఆ ఉత్తర్వు ఆయన భార్య సామ్రాజ్యం రెండుసార్లు చదివింది. వాళ్లకి ముంతవారిపాలెంలో రోడ్డు పక్కనే ఎకరన్నర చేను ఉంది. ఆయన ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ వ్యవసాయం ఆవిడదే. ఊరంతా మినుము చల్లితే, తోటికోడలు ఎంత చెప్పినా వినకుండా, ఆ ఏడు పంతం పట్టి మొక్కజొన్న వేసింది. ఆ పైరు పోతే గింజలతో పాటు ఊళ్లో తన మాట కూడా పోతుందని ఆవిడకి తెలుసు. రోజూ పొద్దున్నే బస్సెక్కి వెళ్లి ఆకులు చూసుకుని వచ్చేది.

"అయితే మన చేలో ఎప్పుడు దిగుద్దంట మీ కాలు?" అని అడిగింది.

"బంధుప్రీతి అనకుండా మన ఊరిని ఊళ్ల జాబితాలో చివర్న పెట్టారు," అన్నాడు రత్నాకరం.

"పైరుకి ఆ సంగతి చెప్పారా?"

రత్నాకరం అన్నం కలుపుకున్నాడు. ఆ అన్నం కూడా కొలిచి వడ్డించిందే. బరువు అటూ ఇటూ అయితే సంజాయిషీ అడుగుతారు.

ఆ మర్నాటి నుంచి తడి తేల్చే కమిటీతో కలిసి ప్రామాణిక పాదం పర్యటనలు మొదలయ్యాయి. డ్రైవరు మస్తాన్‌వలి జీపు వెనక కాటా ఎక్కించుకునేవాడు. ఊరు చేరగానే రత్నాకరాన్ని తూచేవాళ్లు. తర్వాత పాదం అరగకుండా కుర్చీలో కూచోబెట్టి గట్టుదాకా మోసుకెళ్లేవాళ్లు. అక్కడ కుడి పాదం కడిగి, తుడిచి, చేలో మోపించి, దిగిన లోతు స్కేలుతో కొలిచి, ఫోటో తీసేవాళ్లు. పాదం ఒక్కటే, ఊళ్లు బోలెడు. కాబట్టి ఊరికి ఒక్క అడుగే మంజూరైంది. ఆ ఒక్క అడుగు ఏ చేలో పడితే ఊరంతటికీ అదే తడి.

చిలకబోయినవారిపాలెంలో ఈ ఒక్క అడుగు మీద రెండు పార్టీలు లేచాయి. పల్లపు చేల అంకమ్మరావుకి పైరు ఎటూ మునిగిపోయింది. ఊరు తడి అని రాస్తే నష్టపరిహారమన్నా వస్తుందని ఆయన ఆశ. మెరక చేల శేషగిరికి పైరు బతికే ఉంది. ఊరు ఆరిందని రాస్తే యూరియా దొరుకుతుందని ఈయన తొందర. ముందు తూకం, తర్వాత అడుగు అని అంకమ్మరావు కనిపెట్టాడు. తూకం కాగానే రత్నాకరాన్ని రెక్క పట్టుకుని ఇంట్లోకి లాక్కెళ్లి, ఉప్మా పెట్టి మడిచిన పెసరట్లు ఒకదాని మీద ఒకటి వేయించాడు.

"తినండి సార్, మొగమాట పడమాకండి. ఊరి బాగు కోసం తింటన్నారు మీరు," అన్నాడు.

బయటికి వచ్చేసరికి శేషగిరి మనుషులు కాచుకుని ఉన్నారు. వాచీ, బెల్టు, సెల్‌ఫోను, జేబులో తాళాలు అన్నీ ఊడబెరికారు. అదీ చాలదని శేషగిరి మంగలిని పిలిపించాడు.

"జుట్టు బాగా పెరిగింది సార్. ఎంత లేదన్నా బరువే గదా," అన్నాడు.

ఆ విధంగా ఒక పార్టీ ఎక్కించిన బరువు ఇంకో పార్టీ దించాక ప్రామాణిక పాదం చేలో దిగింది. లోతు సరిగ్గా స్కేలు మీద తడికీ పొడికీ మధ్య గీసిన గీత మీదికి వచ్చింది. కమిటీ గొడుగుల కింద చాలాసేపు చర్చించి, "తడి ఉన్నదని గాని, లేదని గాని ఇదమిత్థముగా చెప్పజాలము" అని రాసుకుంది. రత్నాకరం కడుపులో పెసరట్లతో, నున్నటి తలతో ఇంటికి వచ్చాడు. సామ్రాజ్యం తల వంక చూసి తువ్వాలు అందించింది. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని అప్పటికే ఆవిడకి భయం పట్టుకుంది.

బురదలో నాని, కడిగి, మళ్లీ నాని, పాదం వేళ్ల సందుల్లో పుండ్లు పడ్డాయి. తర్వాత పాదం మొత్తం పూరీలా పొంగింది. వైద్యం చేయిద్దామంటే, ప్రామాణిక పాదానికి కట్టు కడితే దాని కొలత మారుతుందని పైనుంచి అభ్యంతరం వచ్చింది. అలాగే తీసుకెళ్లి చేలల్లో మోపారు. వాచిన పాదం వెడల్పు ఎక్కువ. వెడల్పైన పాదం బురదలో ఎక్కువ దిగదు. స్కేలు మీద లోతు రోజురోజుకీ తగ్గుతూ వచ్చింది.

వైకుంఠరావు గారు పరమానందపడ్డారు. "పాదం రంగంలోకి దిగిన తరువాత జిల్లాలో నేలలు శరవేగముగా ఆరుచున్నవి," అని విలేఖరులకు చెప్పారు. అప్పుడు బయట వాన కురుస్తోంది. విలేఖరులు గొడుగులు పట్టుకునే రాసుకున్నారు. అల్పపీడనం పట్టుకుని ఎడతెరిపి లేకుండా కురిసిన ఆ వారంలోనే ఒక మండలం మండలం ఆరిపోయినట్టు ప్రకటన వెలువడింది. ఇన్నాళ్లూ యూరియా కోసం ముఖం వాచిన రైతులు మళ్లీ దొరుకుతుందో లేదోనని బస్తాలు ఎత్తుకెళ్లి వానలోనే చల్లేశారు. ఆ ఏడు మురుగు కాలువల్లో గుర్రపుడెక్క మనిషెత్తున పెరిగింది. అంత ఏపుగా పెరిగిన పైరు జిల్లాలో ఇంకొకటి లేదు.

గొడవైంది. విచారణ జరిగింది. తప్పు కమిటీది కాదని, స్కేలుది కాదని, పాదానిదని తేలింది. కుడి పాదాన్ని సస్పెండ్ చేశారు. "సస్పెన్షను పాదమునకు మాత్రమే వర్తించును. మిగిలిన శరీరము యథావిధిగా విధులకు హాజరు కావలెను" అని మెమోలో స్పష్టంగా రాశారు. ఎడమ పాదానికి పూర్తి అదనపు బాధ్యతలు అప్పగించారు. అయితే ఎడమ పాదం ప్రామాణికమో కాదో రాజధానిలో తేల్చాలి. తేలేదాకా జిల్లాలో ఎక్కడా అడుగు పడదు, ప్రకటన రాదు, బస్తా కదలదు.

సరిగ్గా అప్పుడే మబ్బు విడిచింది. రెండు మూడు రోజులు మంచి ఎండ కాసింది. ఒక సాయంత్రం ఆఫీసు నుంచి రత్నాకరం తిన్నగా చేను దగ్గరకే వెళ్లాడు. సామ్రాజ్యం గట్టు మీద నిలబడి ఉంది. మొక్కజొన్న ఇంకా చావలేదు. అడుగు ఆకులు ఎండినా మొవ్వు బతికే ఉంది.

రత్నాకరం చెప్పు విడిచి, కుంటుకుంటూ చేలో దిగి, ఆ వాచిన కుడి మడమనే నేలకి నొక్కి తీశాడు. అచ్చు నిలిచింది. నీళ్లు ఊరలేదు. ఇద్దరూ వంగి ఆ అచ్చు వంకే చూశారు. ఇన్ని రోజుల ఉద్యోగంలో ఆ పాదం పనికొచ్చే మాట ఒకటి చెప్పడం అదే మొదలు.

"ఇదే గదా అదను?" అంది సామ్రాజ్యం.

"ఇదే."

"మరి బస్తా ఏదండీ? ఎరువుల కొట్టాయన దగ్గరికి పోతే, మీ ఆయన కాలు చెప్పాల్సిందేనమ్మా అంటన్నాడు. నవ్వుతా అంటన్నాడండీ. నాకు ఏడుపొచ్చింది."

రత్నాకరం గట్టెక్కాడు. భార్య ముఖం చూడలేక చెప్పు కోసం వెతుక్కున్నాడు. మర్నాడు ఆఫీసు తెరవకముందే వెళ్లి వైకుంఠరావు గారి గది ముందు నిలబడ్డాడు. జీవితంలో మొదటిసారి పైఅధికారి దగ్గర గొంతు పెంచి, ముంతవారిపాలెం నేల పదునుకు వచ్చిందని, ఇవాళ యూరియా వదిలితే పైర్లు బతుకుతాయని, తాను స్వయంగా తొక్కి చూశానని చెప్పాడు.

వైకుంఠరావు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "తమరు ఏ పాదముతో తొక్కినారు?"

"కుడి పాదంతోనండి."

"సస్పెన్షన్‌లో ఉన్న పాదము ఇచ్చిన వాంగ్మూలం చెల్లదు. పైగా ఎప్పుడు తొక్కినారు?"

"నిన్న సాయంత్రం, డ్యూటీ అయ్యాకండి."

"అనగా అది ప్రైవేటు అడుగు. ప్రామాణిక పాదమును సొంత చేనులో సొంత అవసరమునకు వినియోగించినట్లు తమరే ఒప్పుకొనుచున్నారు. మీ మీద గౌరవముంది గనుక దీనిని నేను విననట్లు భావించెదను."

నేల మాత్రం భావించలేదు. ఎండకి బిగిసింది, తర్వాత నెర్రెలు విచ్చింది. ఎడమ పాదం ప్రామాణికమేనని రాజధాని నుంచి కబురొచ్చేసరికి మాఘమాసం సగమైంది. మొక్కజొన్న నెత్తిన పూత జల్లు విచ్చుకుంటోంది. ఊళ్లన్నీ తిరిగి తిరిగి కమిటీ ముంతవారిపాలెం వచ్చినప్పుడు సామ్రాజ్యం చేను ఈత చాప రంగుకి వచ్చింది. అయినా ఆవిడ గట్టు మీద చీపురు పెట్టి ఊడ్చి, వచ్చినవాళ్లకి చల్లటి మజ్జిగ కలిపి ఉంచింది. ఇవాళైనా బస్తా ఇస్తే, నీళ్లు పెట్టి చల్లితే, సగం కండెలన్నా గింజ కడతాయేమోనని ఆవిడకింకా ఆశ.

రత్నాకరం ఎడమ పాదం మోపాడు. నేల రోడ్డులా ఉంది, అచ్చు పడలేదు. గట్టిగా మోపమన్నారు. మోపాడు. ఎగిరి దూకమన్నారు. దూకి మోకాలు పట్టుకుని కూచున్నాడు. స్కేలు పట్టుకున్న ఉద్యోగి నివేదిక పట్టీలో ఏం రాయాలో తెలియక నిలబడిపోయాడు.

"లోతు సున్నా అని రాయొచ్చా సార్?"

"వీలు కాదు," అన్నారు వైకుంఠరావు గారు. "సున్నా అనగా పరీక్ష జరగలేదని ఆడిట్ వారు భావించెదరు. అచ్చు పడవలెను. అచ్చు పడకుండా నేల ఆరినదని ఎట్లు నిర్ధారించగలము?" ఆయన చేను వంక, ఆకాశం వంక చూసి, ఒక పరిష్కారానికి వచ్చారు. "నీరు తెప్పించండి."

"ఎందుకు సార్?" అన్నాడు రత్నాకరం.

"నేల ఎంత ఆరినదో కొలుచుటకు."

కాలువకి నీళ్లు అప్పటికే ఆపేశారు. మస్తాన్‌వలి పక్కనున్న చేపల చెరువు దగ్గరకెళ్లి ట్యాంకరు నిండా నీళ్లు తోడించుకొచ్చాడు. చేను మధ్యలో ట్యాంకరు విప్పారు. నెర్రెలు గటగటా తాగి, ఇక చాలన్నాక నీళ్లు పైకి నిలిచాయి. రత్నాకరం ఎడమ పాదం మోపాడు. చీలమండ దాకా దిగింది. ఫోటో చక్కగా వచ్చింది.

"ముంతవారిపాలెం: అధిక తడి. యూరియాకు అనుమతి నిరాకరించడమైనది," అని చదివి, వైకుంఠరావు గారు ఆ కాగితం మీద సంతకం పెట్టారు. తర్వాత మజ్జిగ తాగి, బాగుందమ్మా అన్నారు.

సామ్రాజ్యం గ్లాసు అందుకుంది. "ఏవండీ," అని మొగుడి వంక తిరిగింది. అందరి ముందూ, గొంతు పెంచకుండానే అడిగింది. "ఆ కాలు తీసుకుని మీరు నా చేలోంచి బయటికి వస్తారా?"

రత్నాకరం వచ్చాడు. ఆ రాత్రి ఇంట్లో ఇద్దరూ భోంచేయలేదు.

పంట సంగతి చెప్పుకోవాల్సింది లేదు. బొటనవేలంత కండెలు, వాటిలో అక్కడొక గింజ, ఇక్కడొక గింజ. తోటికోడలు వచ్చి పరామర్శించి వెళ్లింది, అదే అన్నిటికంటే బాధ. ట్యాంకరు నీళ్లు నిలిచిన ముక్క మాత్రం చేపల చెరువు బలానికి నిగనిగలాడుతూ పెరిగింది. శాఖవారు ఆ ముక్క చుట్టూ తాడు కట్టి, 'ప్రామాణిక పాదం పథకం సాధించిన ఫలితం' అని బోర్డు పెట్టి, మూడు బస్సుల్లో జనాన్ని తెచ్చి చూపించారు.

ఉగాదికి సన్మానం చేశారు. కుడి పాదం మీద విచారణ పెండింగులో ఉంది గనుక సన్మానం ఎడమ పాదానికే జరిగింది. శాలువా మోకాలికి కప్పి, అట్టపెట్టెలో ఖరీదైన తోలు బూటు బహూకరించారు. ఎడమ కాలిది, ఒక్కటే.

ఆ బూటు చూశాక సామ్రాజ్యం ఒక నిర్ణయానికి వచ్చింది. ఎండాకాలమంతా మొగుడికి సున్నుండలు చేసి పెట్టింది. నెయ్యి ధారగా పోసి పప్పన్నం కలిపింది. వద్దంటే ఊరుకోలేదు.

"తినండి. ఇన్నాళ్లూ కొలిచి పెట్టిన పాపం నాది గూడా ఉంది," అనేది.

వర్షాకాలం చివర మళ్లీ తూకాలు పెట్టేసరికి రత్నాకరం కాటా ఎక్కితే ముల్లు పరుగెత్తింది. అనర్హుడని తేల్చి ఇంకెవరి కాలో తీసుకున్నారు. రత్నాకరం రెండు కాళ్లూ ఆయనకి తిరిగి వచ్చాయి. అడ్డం మాత్రం కొంచెం పెరిగాడు.

ఆ ఏడూ వాన వదల్లేదు. ఆ ఏడూ సామ్రాజ్యం మొక్కజొన్నే వేసింది. ప్రకటనల గొడవ మొదలుకాకముందే యూరియా తెచ్చి మంచాల కింద దాచింది. వాన వెలిసిన నాలుగో పొద్దున మొగుడూ పెళ్లాం చేలో దిగారు. ముందు ఆవిడ మడమ నొక్కింది, తర్వాత ఆయన నొక్కాడు. రెండు అచ్చులూ పక్కపక్కన నిలిచాయి. ఆయనది ఎక్కువ లోతు, ఆవిడది తక్కువ. రెంటిలోనూ నీళ్లూరలేదు.

"చల్లు," అన్నాడు రత్నాకరం.

పదిహేను రోజులకి పైరు కారునలుపు తిరిగింది. రోడ్డున పోయేవాళ్లు ఆగి చూసి పోతుంటే సామ్రాజ్యానికి భయమేసింది. అటక మీది అట్టపెట్టె దించి, బూటు తీసి, వెదురు గడకి తాడుతో కట్టి, రోడ్డు వైపు గట్టు మీద పాతింది.

కొత్త పాదాన్ని కుర్చీతో సహా వెంటబెట్టుకుని వైకుంఠరావు గారి జీపు అటుగా వచ్చింది. గాలికి తిరుగుతున్న బూటును ఆయన గుర్తుపట్టారు. జీపు దిగి గట్టు దాకా వచ్చారు.

"ఏమమ్మా, ప్రభుత్వ పురస్కారమును ఈ విధముగా వేలాడదీయుట ఏమి?"

"దిష్టికి కట్టానండీ. పైరు బాగుంది గదా."

"ఎవరి దిష్టి?"

సామ్రాజ్యం ఆయన్ని, జీపుని, జీపులోంచి దించుతున్న కాటాని తాపీగా చూసింది. "జీపుల్లో వచ్చేవాళ్లదండీ. పోయినేడు గట్టిగా తగిలింది. ఈ ఏడు బూటు కట్టా, ఇప్పటిదాకా బానే ఉంది."

రత్నాకరం వచ్చిన నవ్వుని దగ్గుగా మార్చి, పక్కకి తిరిగాడు. వైకుంఠరావు గారు మాత్రం నవ్వలేదు. చేను వంక, బూటు వంక మార్చి మార్చి చూసి, గంభీరంగా తలూపారు.

"పరిశీలించదగిన అంశము," అన్నారు.

సంక్షిప్త నివేదిక ఆ సాయంత్రమే పైకి వెళ్లింది. పైరుకు దిష్టి తగలకుండా కట్టవలసిన బూటు ఎడమదా, కుడిదా, ఎన్నో నంబరుదై ఉండవలెనో తేల్చడానికి కమిటీ పడింది. ఆ కమిటీ ఇంకా సమావేశమవుతుండగానే సామ్రాజ్యం కండెలు విరిచి, ఎండబెట్టి, తోటికోడలి ఇంటికి ఒక బుట్టెడు స్వయంగా మోసుకెళ్లి ఇచ్చి వచ్చింది. తర్వాత గడ పీకి, బూటు విప్పి, మట్టి దులిపి మళ్లీ అటక మీద పెట్టింది.